రోజూ ప్రదక్షిణ చేసే గ్రహాలను ఎప్పుడైనా ఆకాశంలో చూశారా?



నవగ్రహ ప్రదక్షిణ వీడియో చివర్లో ఒక ప్రశ్న అడిగి వదిలేశాను. గుడికి వెళ్లిన ప్రతిసారీ నవగ్రహ మండపం చుట్టూ తొమ్మిది సార్లు తిరుగుతాం. శనివారం నువ్వుల నూనె దీపం పెడతాం, గురువారం శనగలు సమర్పిస్తాం. కానీ ఆ శనిని, ఆ గురువుని ఆకాశంలో ఎప్పుడైనా కళ్లారా చూశామా? వీడియోలో చెప్పడానికి టైమ్ సరిపోలేదు. అందుకే ఈ పాఠం కొంచెం తీరిగ్గా రాస్తున్నాను. టెలిస్కోపు అక్కర్లేదు, డబ్బు ఖర్చు లేదు. మిద్దె, పంచాంగం, మీ రెండు కళ్లు ఉంటే చాలు.

ముందు ఒక చిన్న సంగతి. మా పిన్ని కూతురిది మీనరాశి. 2025 మార్చి చివర్లో శని మీనంలోకి వచ్చినప్పటి నుంచీ దానికి ఒకటే దిగులు. ఫోన్ తెరిస్తే చాలు, “మీనరాశి వారికి జన్మశని, ఈ తప్పు చేస్తే అంతే” అని వీడియోలు. డిగ్రీ అయిపోయింది, పైచదువుకు ప్రవేశ పరీక్ష రాయాలి. “ఏలినాటి శని నడస్తా ఉంది కదక్కా, ఇప్పుడు మొదలుపెడితే అన్నీ చెడతాయంట. రెండేళ్లు ఆగి రాస్తా” అంది. చిత్తూరులో వాళ్లింట్లో అన్నాలు తిన్నాక జరిగిన మాట ఇది. నేను వాదించలేదు. “పద, మిద్దె పైకి పోదాం. నువ్వు భయపడేది ఎవరికో ఒకసారి చూద్దువు గానీ” అన్నాను. ఆ రాత్రి ఏం చూశామో చివర్లో చెప్తాను. అది అర్థం కావాలంటే ముందు గ్రహాలను గుర్తుపట్టడం రావాలి.

తొమ్మిదిలో కనిపించేది ఎంతమంది?

నవగ్రహాల్లో సూర్యుడు, చంద్రుడు రోజూ కనిపిస్తారు. కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని అనే ఐదుగురు మామూలు కంటికి చుక్కల్లాగా కనిపిస్తారు. మొత్తం ఏడుగురు. మన వారంలో ఏడు రోజుల పేర్లూ ఈ ఏడుగురివే. ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని. రాహుకేతువులకు వారం లేదు, ఎందుకంటే వాళ్లు చుక్కలు కారు. వాళ్లు కనిపించేది గ్రహణం రోజున మాత్రమే. ఆ సంగతికి తర్వాత వద్దాం.

గ్రహాలు నగరంలో కనిపించవు, పల్లెకు పోవాలి అనుకోవద్దు. పాలపుంత చూడాలంటే చీకటి కావాలి, హార్స్లీ కొండలకు పోతే మంచిదే. గ్రహాలకు మాత్రం ఆ బాధ లేదు. తిరుపతి వీధి దీపాల మధ్య నుంచి, బెంగళూరు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నుంచి కూడా శుక్రుడు, గురువు బ్రహ్మాండంగా కనిపిస్తారు. వెతికే చోటు తెలిస్తే చాలు.

మొదటి మెట్టు: దారి కనుక్కోవాలి

తిరుపతి వాళ్లకు దిక్కులు తెలుసుకోవడం చాలా సులువు. ఏడుకొండల వైపు తిరిగి నిలబడండి. అది ఉత్తరం. కుడిచేయి చాపితే రేణిగుంట వైపు, అది తూర్పు. ఎడమచేయి చాపితే చంద్రగిరి వైపు, అది పడమర. వీపు వైపు దక్షిణం.

గ్రహాలు ఆకాశంలో ఎక్కడపడితే అక్కడ తిరగవు. సూర్యచంద్రులు నడిచే దారిలోనే, లేదా దానికి దగ్గర్లోనే నడుస్తాయి. దీనికి శాస్త్రంలో క్రాంతివృత్తం అని పేరు. ఎందుకిలా? భూమితో సహా ఈ గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ దాదాపు ఒకే పళ్లెంలాంటి తలంలో తిరుగుతాయి. మనం కూడా ఆ పళ్లెంలోనే కూర్చుని చూస్తున్నాం కాబట్టి అన్నీ ఒకే గీత మీద ఉన్నట్టు కనిపిస్తాయి.

తిరుపతి భూమధ్యరేఖకు పదమూడున్నర డిగ్రీల ఉత్తరంగా ఉంది. అందువల్ల ఈ దారి మనకు నడినెత్తికి దగ్గరగా పోతుంది. గ్రహం తూర్పున లేచి, నెత్తిమీదుగానో కొంచెం దక్షిణంగానో పోయి, పడమర దిగుతుంది. ఉత్తరాన కొండ ఎంత ఎత్తున ఉన్నా మన గ్రహాలకు అడ్డం రాదు. అమెరికాలో, యూరప్‌లో ఉండి చదువుతున్న మన వాళ్లు మాత్రం దక్షిణం వైపు, కొంచెం కిందికి చూడాలి.

కాబట్టి మొదటి నియమం ఇది. ఉత్తరాన కొండ మీద ఏదైనా చుక్క మెరుస్తుంటే అది గ్రహం కాదు. నిన్న, మొన్న చంద్రుడు పోయిన దారిలో వెతకండి.

రెండో మెట్టు: మినుకుమంటుందా, నిలకడగా ఉందా?

నక్షత్రం మినుకుమంటుంది. గ్రహం నిలకడగా, దీపం వెలిగించి గాలి తగలకుండా పెట్టినట్టు వెలుగుతుంది. కారణం తెలుసుకుంటే మర్చిపోరు. నక్షత్రం చాలా దూరంలో ఉన్న ఒక్క బిందువు. దాని వెలుగు మన దాకా వచ్చేలోపు పైన కదిలే గాలి పొరల్లో అటూ ఇటూ వంగుతుంది, అందుకే వణికినట్టు ఉంటుంది. గ్రహం దగ్గరగా ఉంది కాబట్టి బిందువు కాదు, చిన్న బిళ్ల. బిళ్లలో ఒక వైపు వెలుగు తగ్గితే ఇంకో వైపు పెరుగుతుంది. మొత్తం మీద మన కంటికి వణుకు తెలియదు. తిరుపతి, చిత్తూరు మధ్యలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధనా కేంద్రం ఉంది చూడండి, అక్కడి పెద్ద రాడార్ గమనించేది ఈ గాలి పొరల కదలికలనే.

ఒక జాగ్రత్త. మరీ కింద, చెట్ల అంచున ఉన్నప్పుడు గ్రహం కూడా కొంచెం వణుకుతుంది. రెండు పిడికిళ్ల ఎత్తు దాటాక చూసి తేల్చుకోండి.

పోల్చి చూసుకోవడానికి ఒక మంచి నక్షత్రం చెప్తాను. శ్రీవారి జన్మనక్షత్రం శ్రవణం. వరుసగా మూడు చుక్కలు, నడిమి చుక్క బాగా వెలుగు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో, అంటే బ్రహ్మోత్సవాల రోజుల్లో, రాత్రి ఏడు, ఏడున్నర ప్రాంతంలో ఇది దాదాపు మన నడినెత్తిన ఉంటుంది. మాడవీధిలో వాహనసేవ కోసం కూర్చున్నప్పుడు తల పైకెత్తితే చాలు. బ్రహ్మోత్సవాలు ముగిసే చక్రస్నానం శ్రవణం నాడే కదా. ఆ రోజు చంద్రుడు ఈ చుక్కకు మూడు పిడికిళ్ల దక్షిణంగా ఉంటాడు. శ్రవణం ఎలా మినుకుమంటుందో ఒకసారి చూసి పెట్టుకుంటే, గ్రహం ఎలా మినుకుమనదో దానంతటదే తెలుస్తుంది.

మూడో మెట్టు: పంచాంగమే మ్యాప్

చేయి నిటారుగా చాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో పది డిగ్రీలు. చిటికెనవేలు మందం ఒక డిగ్రీ. బొటనవేలు, చిటికెనవేలు చాచిన జాన ఇరవై డిగ్రీలు. ఈ కొలతలు గుర్తుంచుకోండి.

రాశి అంటే 30 డిగ్రీలు, మూడు పిడికిళ్లు. నక్షత్రం అంటే పదమూడు డిగ్రీల చిల్లర, పిడికిలికి కొంచెం ఎక్కువ. చంద్రుడు రోజుకు నడిచేది కూడా దాదాపు అంతే. అందుకే పంచాంగంలో రోజుకో నక్షత్రం. “ఈ రోజు రోహిణి” అంటే చంద్రుడు ఈ రోజు రోహిణి దగ్గర ఉన్నాడని అర్థం. ఇది ఎవరో పెట్టిన గుర్తు కాదు, ఆకాశంలో సాక్షాత్తూ కనిపించే సంగతి.

ఇక ఉపాయం వినండి. పంచాంగంలో గురువు ఏ రాశిలో ఉన్నాడో చూడండి. చంద్రుడు ఆ రాశికి వచ్చే రోజు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రాత్రి చంద్రుడి పక్కన, మూడు పిడికిళ్ల లోపల, మినుకుమనకుండా తెల్లగా మెరిసేది గురువే. చంద్రుడు నెలకొకసారి అన్ని రాశులూ తిరుగుతాడు కాబట్టి, ఒక్క నెలలో ఆయనే మీ చేయి పట్టుకుని గ్రహాలన్నింటినీ పరిచయం చేస్తాడు. సూర్యుడి దగ్గర దాక్కున్న వాళ్లు మాత్రం తర్వాత దొరుకుతారు.

ఫోన్ యాప్ వాడేవాళ్లు ఒక తేడా గమనించాలి. పాశ్చాత్య జాతకాల యాప్‌లు రాశులను వసంత విషువత్తు నుంచి లెక్కపెడతాయి. మన పంచాంగం నక్షత్రాల నుంచి లెక్కపెడుతుంది. రెండింటికీ మధ్య ఇప్పుడు 24 డిగ్రీలు తేడా ఉంది, దీనినే అయనాంశ అంటారు. అందుకే ఒకదాంట్లో శని మేషం అని, మన పంచాంగంలో మీనం అని కనిపిస్తుంది. కంగారు పడొద్దు. గ్రహం ఒక్క చోటే ఉంది, లెక్క మొదలుపెట్టిన చోటు వేరు.

ఇప్పుడు ఒక్కొక్కరిని పలకరిద్దాం

శుక్రుడు: అందరికంటే ప్రకాశవంతుడు. సూర్యచంద్రుల తర్వాత ఆకాశంలో అంత వెలుగు ఇంకెవరికీ లేదు. సూర్యుడికి 47 డిగ్రీలకు మించి దూరం పోడు, అంటే నాలుగున్నర పిడికిళ్లు. కాబట్టి నడిరాత్రి నెత్తిమీద శుక్రుడు ఎప్పటికీ కనిపించడు. అయితే సాయంత్రం పడమర, లేకపోతే తెల్లవారుజామున తూర్పు. కొన్ని నెలలు సాయంత్రం, కొన్ని నెలలు ఉదయం. ఈ చక్రం పూర్తి కావడానికి 584 రోజులు పడుతుంది. మా అవ్వ వాళ్లు చెప్పే వేగుచుక్క ఈయనే. గడియారం లేని ఇళ్లలో వేగుచుక్క పొడిచిందంటే లేచి చెనక్కాయల చేలోకి పోయేవాళ్లు. మనం అలారం మోగినా లేవడం లేదు!

గురువు: శుక్రుడి తర్వాత ఈయనదే వెలుగు. తెలుపులో లేత పసుపు కలిసినట్టు ఉంటాడు. ఈయన నడిరాత్రి కూడా కనిపిస్తాడు. ఒక చుట్టు తిరగడానికి దాదాపు 12 ఏళ్లు, అంటే ఏడాదికి ఒక రాశి. పుష్కరాల లెక్క ఇదే. గురువు సింహంలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకు పుష్కరాలు. 2016లో కృష్ణా పుష్కరాలకు పోయిన వాళ్లు గుర్తు తెచ్చుకోండి, అప్పుడు గురువు కన్యలో ఉన్నాడు. 2027లో గోదావరి పుష్కరాలు. ఆకాశంలో ఒక చుక్క రాశి మారితే కింద లక్షలమంది నదిలో మునుగుతారు, ఆ చుక్కను మాత్రం చూడరు. ఇంట్లో మామూలు బైనాక్యులర్ ఉంటే గురువు పక్కన నాలుగు చిన్న చుక్కలు కూడా కనిపిస్తాయి. గెలీలియో 1610లో చూసిన ఉపగ్రహాలు అవే.

కుజుడు: ఎర్రన. ఆ నేలలో ఇనుప తుప్పు ఉంది కాబట్టి ఆ రంగు. కుజుడికి కందులు, ఎర్రబట్ట సమర్పిస్తాం కదా, ఒకసారి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ఈయన వెలుగు బాగా మారుతుంది. దాదాపు 26 నెలలకోసారి భూమికి దగ్గరగా వచ్చి నిప్పుకణికలా మెరుస్తాడు, తర్వాత దూరమై మామూలు చుక్క అయిపోతాడు. 2025 జనవరిలో అలా వచ్చాడు, మళ్లీ 2027 ఫిబ్రవరిలో మఖా నక్షత్రం దగ్గర. జ్యేష్ఠ, రోహిణి నక్షత్రాలు కూడా ఎర్రగానే ఉంటాయి, వాటిని చూసి మోసపోవద్దు. అవి మినుకుమంటాయి, కుజుడు మినుకుమనడు.

బుధుడు: కష్టమైన వాడు. సూర్యుడి ఒడిలో పిల్లవాడిలా 28 డిగ్రీలు దాటి పోడు. సూర్యుడు అస్తమించిన ముప్పావు గంటకు పడమర అంచున, లేదా ఉదయానికి ముందు తూర్పు అంచున, కొద్ది వారాలే కనిపిస్తాడు. తిరుపతిలో గ్రహాల దారి నిటారుగా లేస్తుంది కాబట్టి లండన్ వాళ్లకంటే మనకు దొరకడం సులువు. ఒక్కటి గట్టిగా చెప్తున్నాను. సూర్యుడు పూర్తిగా దిగకముందు బైనాక్యులర్ ఆ వైపు తిప్పొద్దు, కళ్లు పోతాయి.

శని: లేత పసుపు. శుక్రుడంత వెలుగు ఉండదు, ఆర్భాటం ఉండదు. వలయాలు చూడాలంటే చిన్న టెలిస్కోపు కావాలి, కానీ శనిని చూడటానికి కళ్లు చాలు. శనైశ్చరుడు అంటే మెల్లగా నడిచేవాడు అని అర్థం. ఒక చుట్టుకు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు, ఒక రాశికి సుమారు రెండున్నర ఏళ్లు. శాపం అని మనం భయపడే పేరు నిజానికి ఎవరో ఏళ్ల తరబడి ఆకాశం చూసి రాసుకున్న పరిశీలన. 2026 అక్టోబరు మొదటి వారంలో సూర్యుడు పడమర దిగే వేళకు శని తూర్పున లేస్తాడు, రాత్రంతా ఉంటాడు.

మూఢం అంటే కనపడకపోవడం

“మూఢం వచ్చింది, ముహూర్తాలు లేవు” అని ఇంట్లో పెద్దవాళ్లు అనడం విన్నాం. తిరుపతిలో, తిరుమలలో పెళ్లిళ్ల సందడి ఒక్కసారిగా తగ్గిపోతుంది. మూఢం అంటే ఏమిటి అని అడిగితే మాత్రం “మంచిది కాదంట” అనే జవాబు తప్ప రాదు.

విషయం చాలా సూటిగా ఉంది. గురువో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా వస్తే, ఆ వెలుగులో కలిసిపోయి కంటికి కనిపించరు. అదే మూఢం. గురువుకు 11 డిగ్రీలు, శనికి 15, కుజుడికి 17 అని సూర్యసిద్ధాంతం హద్దులు చెప్పింది. వెలుగు తక్కువ ఉన్న గ్రహానికి ఎక్కువ దూరం కావాలి, అందుకే ఆ తేడా. గురుమూఢం దాదాపు నెల రోజులు. శుక్రుడు సూర్యుడి వెనక వైపు పోతే రెండు నెలల పైన, మన వైపు నుంచి పోతే వారం పది రోజులే.

శుభకార్యానికి గురువు, శుక్రుడు సాక్షులుగా ఉండాలని పెద్దలు అనుకున్నారు. సాక్షి కంటికి కనపడకపోతే ఆగుదాం అన్నారు. ఎంత మర్యాదైన ఆలోచన! దాన్ని మనం భయంగా మార్చుకున్నాం. ఈసారి మూఢం ముగిసింది అని పంచాంగంలో చూసినప్పుడు నాలుగు రోజులు ఆగి ఆ దిక్కున చూడండి. సూర్యుడి వెలుగులోంచి బయటపడ్డ చుక్క కనిపిస్తే, పంచాంగం రాసినాయన లెక్క నిజమని మీ కళ్లే సంతకం చేసినట్టు.

రాహుకేతువులు, శ్రీకాళహస్తి

చంద్రుడి దారి సూర్యుడి దారికి ఐదు డిగ్రీలు వాలుగా ఉంటుంది. రెండు దారులూ రెండు చోట్ల కలుస్తాయి. ఒకటి రాహువు, రెండోది కేతువు. అందుకే ఎప్పుడూ ఎదురెదురుగా, ఆరు రాశుల దూరంలో ఉంటారు. మిగతా వాళ్లకు వ్యతిరేకంగా వెనక్కి నడుస్తారు. పౌర్ణమి చంద్రుడు ఆ కూడలి దగ్గరికి వస్తే భూమి నీడ పడి చంద్రగ్రహణం. అమావాస్య చంద్రుడు వస్తే సూర్యగ్రహణం. గ్రహణం నీడల వల్ల వస్తుందని ఆర్యభటుడు 499 ప్రాంతంలోనే రాశాడు.

2025 సెప్టెంబరు 7, భాద్రపద పౌర్ణమి, ఆదివారం. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. తిరుమల ఆలయం తలుపులు మూశారు. అక్కడికి నలభై కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీకాళహస్తి ఆలయం మాత్రం గ్రహణం వేళ మూయరు. రాహుకేతు క్షేత్రం కాబట్టి అది అక్కడి సంప్రదాయం.

ఆ రోజు పంచాంగంలో రాహువు కుంభంలో, శని మీనంలో ఉన్నారని రాసి ఉంది. రాత్రి 11 గంటల నుంచి 12 గంటల 22 నిమిషాల దాకా చంద్రుడు పూర్తిగా రాగి రంగులో ఉన్నాడు. కుంభరాశిలో, పంచాంగం రాహువు ఉన్నాడని చెప్పిన చోటే. మబ్బు లేని చోట దక్షిణం వైపు తిరిగి చూసిన వాళ్లకు, ఆ ఎర్ర చంద్రుడికి ఎడమ పక్కన ఒకటిన్నర పిడికిలి దూరంలో మినుకుమనని పసుపు చుక్క ఒకటి ఉంది. అది మీనంలో శని. కాగితం మీద ఉన్న రెండు మాటలు ఆకాశంలో పక్కపక్కన నిలబడ్డ రాత్రి అది.

దృక్ అంటే చూపు

పంచాంగాల మీద “దృక్సిద్ధ”, “దృగ్గణిత” అనే మాటలు చూసే ఉంటారు. దృక్ అంటే చూపు. లెక్క కంటికి సరిపోవాలి, సరిపోకపోతే లెక్కను సరిచేయాలి. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి ఈ పని చేశారు. పంచాంగాలు కట్టే కుటుంబం నుంచి వచ్చిన ఆయన, వేధశాలలో చూసినదాన్ని పట్టుకుని దృగ్గణిత పంచాంగం తయారుచేశారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటే ముందు, జనానికి అర్థమయ్యేలా దాని గురించి పుస్తకమే రాశారు. అదే ఘటనను విశాఖపట్నంలో తన సొంత వేధశాల నుంచి అంకితం వెంకట నరసింగరావు గమనించారు.

ఆ మద్రాసు వేధశాల వారసత్వమే తర్వాత భారతీయ ఖగోళ భౌతిక సంస్థగా ఎదిగింది. మన చిత్తూరుకు దక్షిణంగా, తమిళనాడు జవ్వాది కొండల్లో ఉన్న కవలూరు వేధశాల ఆ సంస్థదే. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపుకు 1986లో వైణు బప్పు పేరు పెట్టారు. ఆయన పెరిగింది హైదరాబాద్‌లో, తండ్రి పనిచేసింది అక్కడి నిజామియా వేధశాలలో.

దీన్నిబట్టి నాకు తోచేది ఒకటే. చూడటం భక్తికి అడ్డం కాదు. మన పెద్దలు ముందు చూశారు, తర్వాత లెక్క కట్టారు, ఆ తర్వాత దండం పెట్టారు. మనం చివరిది మాత్రం ఉంచుకుని మొదటిది వదిలేశాం. చూపు పోయిన చోటే భయం వచ్చి కూర్చుంది.

ఆ రాత్రి మిద్దె మీద

2025 అక్టోబరులో మబ్బు విడిచిన ఒక రాత్రి అది. ఎనిమిదిన్నర అయి ఉంటుంది. తూర్పు, ఆగ్నేయం మధ్యలో సగం ఎత్తుకు చూపించాను. దానికి ఎడమ పక్కన పెద్ద చతురస్రంలా నాలుగు చుక్కలు, అవి పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలవి. ఆ చతురస్రానికి కుడివైపు ఆకాశం దాదాపు ఖాళీ. ఆ ఖాళీలో ఒంటరిగా ఒక పసుపు చుక్క.

అది చాలాసేపు చూసింది. “అక్కా, నిజంగా ఈయనేనా? ఇంత నెమ్మదిగా ఉండాడే!” అంది.

అప్పుడు లెక్క చెప్పాను. శని ఒక రాశిలో రెండున్నరేళ్లు. నీ రాశికి ముందుది, నీ రాశి, తర్వాతది, మూడు కలిపితే ఏడున్నరేళ్లు. ఏలినాటి శని అంటే ఇంతే. పన్నెండు రాశుల్లో ఎప్పుడు చూసినా మూడు రాశుల వాళ్లకు నడుస్తూనే ఉంటుంది. అంటే సుమారు నలుగురిలో ఒకరికి. నీ క్లాసులో నలుగురిలో ఒకరు, నీ పరీక్ష పేపర్ దిద్దే వాళ్లలో నలుగురిలో ఒకరు. ముప్పై ఏళ్లకోసారి అందరికీ వస్తుంది. మీ నాన్నకు వచ్చింది, అందులోనే ఇల్లు కట్టాడేమో అడుగు.

శాస్త్రం తప్పని నేను అనలేదు. శనివారం దీపం మానమనీ అనలేదు. శని క్రమశిక్షణకు, ఓపికకు అధిపతి అని మన పెద్దలే కదా చెప్పారు. ఏడున్నరేళ్లు చేయి కట్టుకుని కూర్చోమని ఏ పెద్దాయనా చెప్పలేదు. ఆయన ముప్పై ఏళ్ల దారిని ఒక్క రోజు కూడా ఆగకుండా నడుస్తున్నాడు. ఆయనకు భయపడి మనం ఆగిపోతే ఎలా?

వాళ్లమ్మ కింద నుంచి కేకేసే దాకా అది అక్కడే నిలబడింది. తర్వాత పరీక్షకు అప్లికేషన్ పెట్టింది, దీపం కూడా పెడుతూనే ఉంది. ఫలితం ఏమైందని అడగొద్దు, ఈ పాఠం ఫలితం గురించి కాదు. రాయకుండా ఆగిపోలేదు, నాకు అది చాలు.

మీకు ఒక దీక్ష

ఒక మండలం, 41 రోజులు. రోజూ ఒకే సమయానికి, ఒకే చోట నిలబడి ఐదు నిమిషాలు ఆకాశం చూడండి. కనిపించే ఒక్క గ్రహాన్ని ఎంచుకుని, దాని చుట్టూ ఉన్న చుక్కలతో నోట్‌బుక్‌లో బొమ్మ గీయండి. మొదటి రోజు, పదో రోజు, ఇరవయ్యో రోజు, చివరి రోజు. నాలుగు బొమ్మలు చాలు.

శుక్రుడిని ఎంచుకుంటే 41 రోజుల్లో చుక్కల మధ్య నాలుగైదు పిడికిళ్ల దూరం పరిగెత్తడం చూస్తారు. గురువు ఒక పిడికిలి లోపే కదులుతాడు. శనిని ఎంచుకుంటే మహా అయితే అర పిడికిలి. కొన్నిసార్లు గ్రహం ఆగి వెనక్కి నడిచినట్టు కనిపిస్తుంది. కంగారు పడొద్దు, అదే వక్రగతి. భూమి దాన్ని దాటి ముందుకు పోతున్నప్పుడు, మన బస్సు దాటేసిన బస్సు వెనక్కి పోయినట్టు అనిపిస్తుంది చూడండి, అలాంటిదే.

మిద్దె ఎక్కాక ఫోన్ జేబులో పెట్టేయండి. ఇంట్లో అవ్వ, తాత ఉంటే వాళ్లనూ తీసుకెళ్లండి. వేగుచుక్క, గొరుకొయ్యలు, పిల్లల కోడి అని వాళ్లకు తెలిసిన పేర్లు అడగండి. ఏ పుస్తకంలోనూ దొరకని పాఠం వాళ్ల దగ్గర ఉండొచ్చు.

తర్వాత నవగ్రహ మండపం చుట్టూ తిరిగేటప్పుడు ఒక్కొక్కరి ముందు క్షణం ఆగండి. నిన్న రాత్రి చూసిన వాళ్లకు దండం పెట్టడం ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది.

అందరికీ మంచి జరగాలి. ఆకాశం మబ్బు లేకుండా ఉండాలి.

ఓం నమో వేంకటేశాయ. శుభం.